కిడ్నీ క్యాన్సర్ పెద్ద సిరలోకి పాకింది, చెన్నైలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఉన్నారా?

నమస్కారమండీ. మాది నెల్లూరు, ఇప్పుడు చెన్నైలో అక్కావాళ్లింట్లో ఉన్నాం. నాన్నగారికి 62 ఏళ్లు. కుడి కిడ్నీలో క్యాన్సర్ గడ్డ, గుండెకు రక్తం చేర్చే పెద్ద సిర ఐవీసీలోకి పాకి లివర్ సిరల దాకా వచ్చిందని ఎమ్మారైలో తేలింది. సిరలో ఎంత పైకి పాకిందో చెప్పే లెక్కలో లెవెల్ 3 అట. అమ్మకు మాత్రం రాయి అనే చెప్పాం.

కిడ్నీ తీసేసి, లివర్‌ను పక్కకు జరిపి, సిరను కోసి లోపలిది తీయాలట. గుండె దాకా పాకితే ఆపరేషన్ జరిగేటప్పుడు గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్ లంగ్ మెషిన్ కూడా కావాలన్నారు. మొదట చూపించిన చోట రెండు నిమిషాల్లో రిస్క్ అని పంపేశారు, ఇంకేం చెప్పలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇది జరిగిందా? యూరాలజిస్టుతో పాటు లివర్, గుండె సర్జన్లు కూడా ఉన్నారా? ముందు మందులిచ్చారా, నేరుగా ఆపరేషనేనా? ఐసీయూలో ఎన్ని రోజులు ఉంచారు? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు, దయచేసి చెప్పండి.