సమస్యాపూరణం: "పోరి యోడిన వానికే పురము మ్రొక్కె"

నిర్వహణ: నెల్లూరు మాస్టారు

మిత్రులారా, ఈ వారం తేటగీతి. ఆఖరి పాదం నేనిస్తున్నాను, పై మూడూ మీవి.

*పోరి యోడిన వానికే పురము మ్రొక్కె*

ఈ పాదం ఎందుకు తట్టిందో చెబుతాను. 2025 ఐపీఎల్‌లో చెన్నై జట్టు పట్టికలో అట్టడుగున ఉంది. అయినా మ్యాచ్ ఉన్న రోజు నెల్లూరు స్టేషన్‌లో పినాకిని ఎక్స్‌ప్రెస్ కోసం నిలబడితే చుట్టూ పసుపు చొక్కాలే. ఒక తండ్రి తన చంటిబిడ్డకు మోకాళ్ళ దాకా వేలాడే 7వ నంబరు చొక్కా తొడిగాడు. "ఈసారి కప్పు రాదు గదయ్యా" అన్నాను. "కప్పు కోసం ఎవరు పోతన్నారు సార్, ధోనీని చూసొస్తాం" అన్నాడు. ఆయన పుట్టింది రాంచీలో. చెన్నై సొంతం చేసుకుంది, మధ్యలో మన నెల్లూరు కూడా.

అందుకని ఈసారి ఒక్కటే నియమం. పద్యంలో ఆటగాడు ఉండాలి, వాడిని ప్రేమించే ఊరూ కనబడాలి. కొత్తవాళ్ళ కోసం: గణం అంటే గురు లఘువుల గుంపు. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరానికి అది జోడు కుదరాలి. ఇచ్చిన పాదంలో "పో"కి "పు" కుదిరింది చూడండి.

కావలి తమ్ముడు

మాస్టారూ, మీరు చెప్పిన రైల్లో నేనూ ఉన్నాను! తప్పులుంటే దిద్దండి.

పసుపు చొక్కాలతో రైలు కిక్కిరిసెను
ధోని నొకమారు చూడగ దూర మనక;
కప్పు రాకున్న నేమాయె? కదలె నూరు;
పోరి యోడిన వానికే పురము మ్రొక్కె.

నెల్లూరు మాస్టారు

తమ్ముడూ, గణాలన్నీ కుదిరాయి. రెండో పాదంలో "ధో"కి "దూ" వేసిన తీరు నాకు బాగా నచ్చింది. మొదటి పాదంలో మాత్రం యతి తప్పింది. "ప"కి "కి" చెల్లదు. "పరుగు లెత్తె" అంటే యతి కుదురుతుంది గానీ, ఆ ఇరుకు పోతుంది. ఆ రైల్లో నిలబడ్డవాడివి కాబట్టి అది వదలొద్దు. ఇంకోసారి ప్రయత్నించు.

కావలి తమ్ముడు

రాత్రంతా ఇదే పని మాస్టారూ. ఇప్పుడు చూడండి:

*పసుపు చొక్కాలతో బోగి పట్టదయ్యె*

నెల్లూరు మాస్టారు

ఇదీ మాట! యతి కుదిరింది, ఇరుకూ మిగిలింది. "రైలు" పోయి "బోగి" వచ్చేసరికి చూపు ఇంకా దగ్గరికొచ్చింది. "కదలె నూరు" అన్న ఊరు నెల్లూరా చెన్నైనా అని ఎవరైనా అడగొచ్చు. నన్నడిగితే ఆ రోజు రెండూ ఒకటే.

కందుకూరు అబ్బాయి

నాది సింధు మీద. 2016 ఆగస్టులో మా హాస్టల్ టీవీ ముందు కూర్చున్న జ్ఞాపకం.

వెండి పతకమ్ముతో సింధు వీట జేర
బస్సుపై నుండి చేయూప బాట నిండ
పిల్ల పెద్దలు నిలిచి రా పేరు పిలిచి;
పోరి యోడిన వానికే పురము మ్రొక్కె.

గూడూరు అక్కయ్య

అబ్బాయ్, దృశ్యం కళ్ళకు కట్టింది. రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ ఫైనల్లో మొదటి గేమ్ 21-19తో మనమ్మాయే గెలిచింది, తర్వాత రెండూ స్పెయిన్ అమ్మాయి మారిన్ తీసుకుంది. నేనైతే ఆ టెన్షన్‌కి మూడో గేమ్ సగంలో వంటింట్లోకి వెళ్ళిపోయాను. మూడు రోజుల తర్వాత శంషాబాద్ నుంచి గచ్చిబౌలి దాకా పై కప్పులేని బస్సులో ఊరేగిస్తుంటే మాత్రం కదలకుండా చూశాను. అన్నీ బాగున్నాయి గానీ, "వానికే" అంటే మగవాడికి కదా నాయనా? సింధు ఎట్టా వస్తుంది?

కందుకూరు అబ్బాయి

అయ్యో, అది చూసుకోలేదు అక్కా. పద్యం వెనక్కి తీసుకోనా?

నెల్లూరు మాస్టారు

వెనక్కెందుకు? అక్కయ్య పట్టుకున్నది అసలైన దోషమే. కానీ సమస్యాపూరణంలో ఇచ్చిన పాదాన్ని మార్చకుండా దాని గొంతు మార్చవచ్చు. నాలుగో పాదాన్ని ప్రశ్నగా చదువు, మూడో పాదం దానికి తగ్గట్టు మార్చు:

వెండి పతకమ్ముతో సింధు వీట జేర
బస్సుపై నుండి చేయూప బాట నిండె;
నాడబిడ్డను మరువంగ నౌనె? కనుడు,
పోరి యోడిన వానికే పురము మ్రొక్కె?

మగవాడికేనా మొక్కింది, ఆడబిడ్డకు మొక్కలేదా అని అడుగుతోంది ఇప్పుడు. ఏ మాట అడ్డం వచ్చిందో అదే పద్యానికి బలమైంది. "నిండెన్" మీద "ఆడబిడ్డ" చేరి "నాడబిడ్డ" అయింది, "నౌనె"తో యతి చెల్లింది. ఊహ నీదే అబ్బాయ్, నేను ఒక పాదం మార్చి, "నిండ"ను "నిండె" చేశాను, అంతే.

మూలాపేట మిత్రుడు

ఫుట్‌బాల్ వైపు పోతున్నాను.

తెచ్చె రెండు కిరీటాలు తెగువ జూపి;
మారడోనాను వెన్నాడె మత్తుమందు;
వీడ దా ప్రేమ నేపుల్సు వీధులందు;
పోరి యోడిన వానికే పురము మ్రొక్కె.

నెల్లూరు మాస్టారు

ఎవరితో పోరి ఓడాడు అన్న ప్రశ్నకు మీ జవాబు లోతైనది. ఎదుటి జట్టుతో కాదు, తనను పట్టిన మత్తుతో. 1984లో ఆయన వచ్చేనాటికి నేపుల్స్ నగరపు నాపోలి జట్టు ఇటలీ లీగ్ ఒక్కసారీ గెలవలేదు. 1987లో ఒకటి, 1990లో ఇంకొకటి ఆయన ఉండగానే వచ్చాయి. 1991లో డ్రగ్ పరీక్షలో దొరికి, నిషేధం పడి ఆ ఊరు వదిలాడు. అయినా 2020లో ఆయన పోయిన కొద్ది రోజులకే స్టేడియానికి ఆయన పేరు పెట్టుకున్నారు. ఉత్తరాది ధనిక నగరాలు చిన్నచూపు చూసిన ఊరికి తలెత్తుకునే రోజిచ్చినవాణ్ణి ఆ ఊరు ఎట్లా వదులుకుంటుంది?

పద్యానికొస్తే, మొదటి పాదంలో కర్త లేడు. తెచ్చిందెవరో రెండో పాదం దాకా ఆగాలి. నాలుగు పాదాలూ నాలుగు విడి వాక్యాలయ్యాయి, పూసలున్నాయి గానీ దారం కనబడదు. "మందు", "లందు" అంత్యప్రాస మాత్రం చెవికి హాయిగా ఉంది.

గూడూరు అక్కయ్య

నేను "ఓడు" మాటకు ఇంకో అర్థం తీసుకున్నాను. నెత్తురోడడం అంటాం కదా, కారడం అని.

ముక్కు పగులంగ సచినుండు మొక్కవోక
పదియు నారేండ్ల వయసులో బంతి కెదురు
నిలిచె, పరదేశ భూమిలో నెత్తురపుడు
పోరి యోడిన వానికే పురము మ్రొక్కె.

నెల్లూరు మాస్టారు

అక్కయ్యా, ఇది పాత అవధానుల దారి! ఓటమి మాటే లేకుండా చేశారు. 1989 సియాల్‌కోట్ టెస్టు, పాకిస్థాన్ బౌలర్ వకార్ బంతి ముక్కుకు తగిలింది, నెత్తురు కారుతున్నా కుర్రాడు క్రీజు వదల్లేదు, 57 కొట్టాడు. "ముక్కు", "మొక్కవోక" ఒకే పాదంలో పడటం నాకు ఎంతో నచ్చింది.

ఒక్క ఇబ్బంది. "నెత్తురు"కీ "యోడిన"కీ మధ్య "అపుడు", "పోరి" చేరి అన్వయం దూరమైంది. మొదటిసారి చదివినవాళ్ళు ఓడిపోవడమనే అనుకుంటారు. ఇంకోటి, ముంబై ఎక్కడుంది? పురము అన్న ఒక్క మాటే మిగిలింది. 2013 నవంబరులో వాంఖడేలో 200వ టెస్టు అయిపోయాక ఆయన ఒక్కడే పిచ్ దగ్గరికి వెళ్ళి, నేలను తాకి కళ్ళకద్దుకున్నాడు. ఊరు ఆయనకు మొక్కింది, ఆయన ఊరి మట్టికి మొక్కాడు. అది ఒక పాదంలోకి వస్తే ఎంత బాగుండు!

గూడూరు అక్కయ్య

నిజమే మాస్టారూ. దాంతో ఇంకో పద్యం రాస్తా, ఇందులో ఇరికించను.

దర్శి రైతు

అయ్యా, నాకు పద్యాలు కొత్త. మా నాయన నేర్పిన రెండు మూడు ఛందస్సులే వచ్చు. క్రికెట్ నేను చూడను. మాకు ఆటగాడంటే బండలాగే గిత్తే.

బండ లాగుచు మోకాళ్ళ బడిన గిత్త
కొమ్ము నిమిరిరి పసుపును గుంకుమలిడి;
వాడు మాయూరి బిడ్డయే, పశువు కాదు;
పోరి యోడిన వానికే పురము మ్రొక్కె.

ఇది జరిగిన సంగతే. తిరునాళ్ళలో ఆరు పళ్ళ విభాగం, గిత్త వయసును పళ్ళను బట్టి లెక్కిస్తాం. మా జత బాగానే లాగుతోంది, కుడివైపు వాడు జారి ముందుకాళ్ళ మీద పడ్డాడు. టైం పోతోంది. లేచాడు, మోకాలు చెక్కుకుపోయి ఎర్రగా ఉంది, మళ్ళీ లాగాడు. బహుమతి రాలేదు. బయటికి తోలుకొస్తుంటే ఆడవాళ్ళు చెంబులతో నీళ్ళు తెచ్చి కాళ్ళు కడిగారు.

నెల్లూరు మాస్టారు

దర్శి అన్నా, మీ పద్యం మూడుసార్లు పైకి చదివాను. ఇందాక "వానికే" అనే మాట దగ్గర మేమందరం తంటాలు పడ్డాం. మీరు గిత్తను "వాడు" అన్నారు. ఒంగోలు గిత్తను సాకే ఇంట్లో "అది" అని ఎవరూ అనరు, "వాడు మేత ముట్టలేదు", "వాడికి కోపం వచ్చింది" అనే అంటారు. మూడో పాదంలో ఆ సంగతి చెప్పేశాక నాలుగో పాదం మీ ఊరివాళ్ళు అన్నట్టే వినిపించింది. "వాడు"కి "పశువు" యతి సరిగ్గా చెల్లింది, "కొమ్ము"కి "గుంకుమ" కూడా. మార్చడానికి నాకేమీ దొరకలేదు. ఈ వారానికి నా మొదటి ఓటు దీనికే.

మూలాపేట మిత్రుడు

నా ఓటు కూడా. నా పద్యంలో లేదన్న దారం ఇందులో ఉంది.

కావలి తమ్ముడు

పెదనాయనా, తర్వాతి ఏడు గెలిచాడా వాడు?

దర్శి రైతు

లేదబ్బాయ్. ఆ కాలు మళ్ళీ గట్టిపడలా, బండ కట్టలేదు. దొడ్లోనే ఉన్నాడు. పండగ రోజు మొదటి పసుపు మాత్రం వాడి కొమ్ముకే.