సిజేరియన్‌కు పూర్తి మత్తు ఇచ్చాక శ్వాసనాళంలోకి ట్యూబు పడకపోతే: మేల్కొలపాలా, కొనసాగించాలా?

ప్రశ్న (చిత్తూరు, నర్సింగ్ హోమ్ మత్తు వైద్యుడు)

నమస్కారం. తీవ్రమైన ప్రీఎక్లాంప్సియాతో (గర్భంలో బీపీ ప్రమాదకరంగా పెరిగే స్థితి) ముఖం, నాలుక వాచి, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయిన గర్భిణులు పలమనేరు వైపు నుంచి మా దగ్గరకు రాత్రివేళ వస్తుంటారు. వారికి వెన్నులో మత్తు ఇవ్వలేము. తిరుపతికి పంపే వ్యవధీ ఒక్కోసారి ఉండదు. రెండు ప్రయత్నాల్లోనూ ట్యూబు పడకపోతే తల్లిని మేల్కొలపాలా, ఆపరేషన్ కొనసాగించాలా అన్నది పెద్దలు ఎలా నిర్ణయిస్తున్నారో దయచేసి చెప్పగలరు.

సమాధానం (తిరుపతి, సీనియర్ మత్తు వైద్యురాలు)

డాక్టరుగారూ, అది ట్యూబు పడని క్షణంలో తీసుకునే నిర్ణయం కాదు. మత్తు ఎక్కించకముందే ప్రసూతి వైద్యురాలితో పైకి మాట్లాడుకుని తేల్చుకోవాలని 2015 నాటి బ్రిటిష్ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. తల్లికి రక్తస్రావం ఆగకుండా ప్రాణాపాయం ఉంటే కొనసాగించడం వైపే మొగ్గాలి. తల్లి నిలకడగా ఉండి బిడ్డకూ తక్షణ ప్రమాదం లేకపోతే మేల్కొలపాలి. వీటి మధ్యనున్న కేసులే కష్టమైనవి, అందుకే ముందుగా మాట్లాడుకోవడం అవసరం.

నిండు నెలల్లో, శ్వాస వదిలాక ఊపిరితిత్తుల్లో మిగిలివుండే గాలి సుమారు ఐదో వంతు తగ్గుతుంది, ఆక్సిజన్ వాడకమేమో పెరుగుతుంది. అందువల్ల శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) చూస్తుండగానే జారిపోతుంది. భుజాల కింద దుప్పట్లు మడతపెట్టి, చెవి రంధ్రం ఛాతీ ఎముక పై అంచుకు సమంగా వచ్చేదాకా ఎత్తండి. వదిలే శ్వాసలో ఆక్సిజన్ 90 శాతానికి చేరేవరకు మాస్కు తీయకండి, ముక్కు గొట్టంతో ఆక్సిజన్ ఆ తరువాత కూడా కొనసాగించండి. వాపు ఉన్నవారికి 6.5 లేదా 6 సైజు సన్నని ట్యూబు దగ్గర ఉంచుకోండి. లారింగోస్కోపు (గొంతులోకి చూసే పరికరం) పెట్టినప్పుడు బీపీ ఎగసి మెదడులో రక్తస్రావం కావచ్చు కనుక బీపీ తగ్గించే లాబెటలాల్ వంటి మందు ముందే ఇవ్వాలి. ట్యూబు హడావుడిలో దీన్ని మరచిపోకూడదు.

సమాధానం (తిరుపతి, పీజీ విద్యార్థి)

మేడమ్ చెప్పినదానికి ఒక్కటి చేరుస్తాను. నొప్పులు సాగేకొద్దీ గొంతు వాపు పెరుగుతుంది కనుక, చేరినప్పుడు రాసిన మల్లంపాటి గ్రేడును (నోరు తెరిస్తే గొంతు ఎంత కనిపిస్తుందన్న అంచనా) నమ్మకుండా టేబుల్ మీద మళ్లీ నోరు తెరిపించి చూడాలి.

ప్రశ్నించినవారు

ధన్యవాదాలు మేడమ్. ట్యూబుకు బదులు, స్వరపేటిక పైన కూర్చునే సుప్రాగ్లాటిక్ పరికరంతోనే కొనసాగించవలసి వస్తే సర్జన్‌కు ఏమి చెప్పాలి?

సమాధానం (తిరుపతి, సీనియర్ మత్తు వైద్యురాలు)

బిడ్డను తీసేటప్పుడు పొట్ట పైభాగాన్ని వీలైనంత తక్కువగా నొక్కమనండి, లేదంటే కడుపులోనిది పైకి వస్తుంది. కడుపులోకి గొట్టం వేసే దారి ఉన్న రెండో తరం పరికరమే వాడి, దాని గుండా గొట్టం వేసి కడుపు ఖాళీ చేయండి. దానితోనూ, మాస్కుతోనూ ఆక్సిజన్ అందకపోతే మెడ ముందునుంచి కోసి శ్వాసనాళంలోకి దారి తీయాలి. స్కాల్పెల్ (కత్తి), బూజీ (ట్యూబుకు దారి చూపే సన్నని కడ్డీ), 6 సైజు ట్యూబు ఉన్న ట్రే ఆ రాత్రి మీ చేతికి అందేంత దూరంలోనే ఉండాలి.