తతర్రుస్: సంతలో బాంబుకు ఫిఖ్‌హ్‌లో (ఇస్లాం ధర్మశాస్త్రంలో) చోటుందా?

చదువరి: యుద్ధనీతి మీద ఎం.ఏ. వ్యాసం రాస్తున్నాను. సిరియాకు బయలుదేరిన సేనానికి ఖలీఫా అబూ బక్ర్ చెప్పిన పది మాటలు చదివాను. స్త్రీని, పసివాడిని, ముసలివాడిని చంపవద్దు. కాయలు కాసే చెట్టు నరకవద్దు. తిండికి తప్ప గొర్రెనూ ఒంటెనూ కోయవద్దు. ఇంత తేటగా ఉన్నప్పుడు అల్ ఖైదా లాంటి సంస్థలు జనం మధ్య బాంబులను ఎలా సమర్థించుకుంటున్నాయి? ‘తతర్రుస్’ అనే మాట పదేపదే కనబడుతోంది. ఎవరైనా వివరిస్తారా?

అరబీ మాస్టారు: అమ్మా, తుర్స్ అంటే డాలు. శత్రువు తన చేతికి చిక్కిన బందీలను డాలులా ముందు నిలబెట్టుకోవడమే తతర్రుస్. అప్పుడు బాణం వేయవచ్చా? 1111లో మరణించిన ఇస్లాం ధర్మశాస్త్ర పండితుడు గజాలీ మూడు షరతులు పెట్టాడు. వేయక తప్పని స్థితి కావాలి. వేయకపోతే వినాశం ఖాయమని తేలాలి. ఆ ముప్పు ఏ కొందరికో కాక మొత్తం సమాజానికి రావాలి.

ఆయన చెప్పిన పడవ ఉదాహరణను మాత్రం వదలవద్దు. పడవ మునిగిపోతోంది. ఒకరిని నీళ్లలోకి తోస్తే మిగిలినవాళ్లు బతుకుతారు. తోయవచ్చా? కూడదన్నాడు. పడవలో ఉన్నది కొందరే, సమాజమంతా కాదు. చీటీలు వేసి ఎంచుకోవడం కూడా చెల్లదన్నాడు. శత్రువు కోటలో ఒక్క ముస్లింను అడ్డుపెట్టుకున్నా బాణం వేయరాదు. ఆ కోట చేజిక్కకపోతే కొంపలేమీ మునగవు.

ఇప్పుడు సంతకు రా. వంకాయలు ఏరుకుంటున్న మనిషిని డాలుగా ఎవరు నిలబెట్టారు? ఎవరూ లేరు. బాంబు పట్టుకున్నవాడే వెతుక్కుంటూ అతని పక్కకు వచ్చాడు. ముప్పై ఏళ్లు ఈ పాఠం చెప్పినవాడిని. పడవను దాచేసి ఆ ఒక్క మాటనే ఎత్తుకుపోతుంటే కడుపు మండుతుంది.

గోదారి గట్టు: మాస్టారూ, గజాలీ చర్చలో డాలుగా ఉన్నది ముస్లిం బందీలు. ఇతరుల ప్రాణాల సంగతి? కోటల మీదికి మంజనీక్ అనే యంత్రంతో బండరాళ్లు విసరడాన్ని చాలామంది ఫఖీహ్‌లు (ఫిఖ్‌హ్ పండితులు) ఒప్పుకున్నారు. రాయికి ఆడా మగా తెలియదు కదా.

అరబీ మాస్టారు: మంచి ప్రశ్న వేశారు. 630లో ప్రవక్త ముహమ్మద్ తాయిఫ్ పట్టణాన్ని ముట్టడించిన కథనమే వాళ్లకు ఆధారం. ఆ సడలింపు నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. అయినా అది ముట్టడిలో ఉన్న కోట మాట. దాన్ని బజారుకు లాక్కురావడం మాత్రం ఈ కాలంవాళ్ల పనే.

గోదారి గట్టు: అల్జీరియా నాయకుడు అమీర్ అబ్దుల్ ఖాదిర్‌ను కూడా చూడండి. 1832 నుంచి 1847 దాకా ఫ్రెంచి సేనలతో పోరాడాడు. 1845లో దహ్రా గుహల్లో ఆ సేనలు వందల మందిని పొగబెట్టి చంపాయి. అమీర్ మాత్రం తిండి పెట్టలేనప్పుడు ఫ్రెంచి బందీలను విడిచిపెట్టాడు. తరువాత 1860లో, దేశం విడిచి డమాస్కస్‌లో ఉంటూ, అల్లరి మూకల నుంచి వేలమంది క్రైస్తవులను కాపాడాడు. కానీ 1846లో ఆయన లేని సమయంలో ఆయన శిబిరంలోనే ఫ్రెంచి బందీలను చంపేశారు.

చదువరి: పడవతో మొదలుపెడతాను. 1846 సంగతి కూడా రాయాలా, మాస్టారూ?

అరబీ మాస్టారు: రాయాలమ్మా. అడుగున చిన్న అక్షరాల్లో కాదు, డమాస్కస్ పక్కనే.