‘ప్రెజెంచి’ని తెలుగులో ఏమందాం?

నాలుగు రోజులుగా ‘ప్రెజెంచి’ (హాజరుగా ఉన్న) అనే ఒక్క పోర్చుగీసు మాట దగ్గర ఆగిపోయాను, కాస్త సాయం పట్టండి.

బ్రెజిల్‌లోని రియో డి జనీరో కార్పొరేటర్ మరియెలి ఫ్రాంకో మీద చిన్న వ్యాసం అనువదిస్తున్నాను. ఆమె పుట్టింది ‘మరే’ అనే చోటి ఫవేలాల్లో. (ఫవేలాని ‘మురికివాడ’ అనబుద్ధి కాలేదు, ‘బస్తీ’ అన్నాను.) రాష్ట్ర శాసనసభ మానవ హక్కుల కమిషన్‌లో పనిచేసినప్పుడు పోలీసు కాల్పుల్లో పోయినవాళ్ల కుటుంబాలకే కాదు, హత్యకు గురైన పోలీసుల కుటుంబాలకూ అండగా నిలబడ్డారు. 2016లో 46,502 ఓట్లతో గెలిచారు. 2018 మార్చి 14 రాత్రి ఒక సమావేశం నుంచి తిరిగొస్తుంటే కారు మీద కాల్పులు జరిపి చంపేశారు. డ్రైవర్ ఆండెర్సన్ గోమెస్ కూడా చనిపోయాడు.

అప్పట్నుంచి ఊరేగింపుల్లో ఒకరు “మరియెలి!” అని పిలిస్తే జనమంతా “ప్రెజెంచి!” అంటారు. క్లాసులో హాజరు పిలిచినట్టే. ‘అమర్ రహే’ పెట్టి కొట్టేశాను. ‘జోహార్’ పెట్టి అదీ కొట్టేశాను. జోహార్ ఉన్నవాళ్లు పోయినవాళ్లకు చెప్పేది. ఇక్కడ పోయినావిడే పలుకుతోంది.

— “ఉన్నా!” అంటే సరిపోదా? అచ్చ తెలుగు. బడిలో “ఉన్నాను సార్” అనేవాళ్లం కదా.

అక్కడే చిక్కండీ. మన క్రియకు మనిషి అతుక్కుని ఉంటాడు. “ఉన్నా” అంటే మరియెలి అన్నట్టు, “ఉన్నారు” అంటే ఆమె గురించి ఇంకెవరో చెప్పినట్టు. పోర్చుగీసులో ఆ మాట విశేషణం, ‘నేను’, ‘ఆమె’ అన్న తేడా పడదు. అందుకే వేలమంది ఆమె గొంతుతోనూ తమ గొంతుతోనూ ఒకేసారి అనగలుగుతున్నారు.

— మరి “ఉన్నాం”?

బాగుంది గానీ అందులో జనమే మిగిలారు, ఆవిడ లేదు.

— అయితే ‘హాజర్’! అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా వచ్చి మనదైపోయింది. దానికీ ‘నేను’, ‘ఆమె’ అన్న తేడా లేదు.

— హాజర్ అంటే నాకు కోర్టు బంట్రోతు కేకే గుర్తొస్తుంది. “ప్రెజెంట్” అనెయ్యండి, రెండూ ఒకే లాటిన్ మాట పిల్లలే.

‘ప్రెజెంట్’ అనగానే వెనక ‘సార్’ వచ్చి కూర్చుంటుంది, నవ్వొస్తుంది. కోర్టు వాసన మాత్రం ఇక్కడ తప్పనిపించట్లేదు. “మరియెలిని చంపించిందెవరు?” అని ఏళ్ల తరబడి అడుగుతూనే వచ్చారు. కాల్పులు జరిపిన కేసులో ఇద్దరు మాజీ పోలీసులకు శిక్ష పడింది 2024 అక్టోబర్ 31న, ఆరేళ్లు దాటాక. వాళ్లలో రోనీ లెస్సాకు 78 ఏళ్ల 9 నెలలు.

కాబట్టి హాజర్. మొదటిసారి మాత్రం ‘ప్రెజెంచి’ అనే ఉంచి పక్కన అర్థం ఇస్తాను. ఇంకోటి, అక్కడ ఆండెర్సన్ పేరు కూడా పిలుస్తారు. నా మొదటి డ్రాఫ్టులో ఆ లైను ఎగిరిపోయింది, ఇప్పుడే కలిపాను.