స్కూల్లో ఫోన్ బంద్, ఇంటికొస్తే హోంవర్క్ వాట్సాప్‌లో! ఇదేం పద్ధతి?

నిజాంపేట్_నాన్న:
మావాడు తొమ్మిదో తరగతి. స్కూల్లో ఫోన్ కనబడితే లాక్కుంటారు, నేను వెళ్లి సంతకం పెడితేగానీ ఇవ్వరు. బాగానే ఉంది. కానీ హోంవర్క్, ప్రాజెక్టు, యూనిట్ టెస్ట్ సిలబస్ అన్నీ సాయంత్రం ఏడింటికి వాట్సాప్ గ్రూపులోనే పెడతారు. "నాన్నా, హోంవర్క్" అంటే ఫోన్ ఇవ్వక చస్తామా? కాసేపాగి చూస్తే రీల్స్. ఇన్‌స్టా ఖాతాకి 13 నిండితే చాలంటారు, మావాడికి 14. ఇక ఏ రూలు చూపించి ఆపను? నన్నడిగితే ముందు ఆపాల్సింది ఈ గ్రూపు హోంవర్క్‌ని. హాయిగా డైరీలో రాయించండి.

నైట్‌షిఫ్ట్_అమ్మ:
మీ ఇంట్లో డైరీ చూసేవాళ్లున్నారు సార్. నాది గచ్చిబౌలిలో రాత్రి డ్యూటీ. నేను ఇల్లు చేరేసరికి పాప స్కూల్ బస్సెక్కేసి ఉంటుంది. రేపు స్లిప్ టెస్టని నాకు తెలిసేది క్యాబ్‌లో, ఆ గ్రూపు చూసే. పైగా క్లాసులో డౌటడిగితే "తర్వాత చూద్దాం" అంటారట. కటకాలూ దర్పణాలూ యూట్యూబ్‌లో తెలుగులో విని నేర్చుకుంది. అదీ మానెయ్యమంటారా?

నిజాంపేట్_నాన్న:
మీకు సమాచారం రావడం మీద నాకే పేచీ లేదు మేడమ్. పిల్లలకి కూడా అదొక్కటే దారి చేశారు, అక్కడే నా గొడవ.

మలక్‌పేట_లెక్కలు:
బడిలో నిషేధానికి నేను పూర్తిగా అనుకూలం. పాఠం మధ్యలో ధ్యాస చెదిరితే మళ్లీ కుదురుకోవడానికి 20 నిమిషాల దాకా పట్టొచ్చని యునెస్కో 2023 నివేదికలో ఉంది. పీరియడ్ ఎంతసేపో మీకు తెలుసు కదా, ఇక మిగిలేదేంటి? పిల్లల చదువుల మీద చేసే అసర్ సర్వే 2024లో, స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసిన 14–16 ఏళ్ల పిల్లల్లో ముందు వారంలో చదువుకోసం ఫోన్ వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకి వాడినవాళ్లు 76 శాతం. అది పల్లెల సర్వే, మన సిటీ లెక్క కాదు. వైఫై ఉన్న మన అపార్ట్‌మెంట్లలో ఇంతకన్నా గొప్పగా ఉంటుందని నాకైతే ఆశ లేదు. ఆస్ట్రేలియా చూడండి, 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్లలోపు వాళ్లకి సోషల్ మీడియా ఖాతాలే లేకుండా చేసింది.

నైట్‌షిఫ్ట్_అమ్మ:
ఢిల్లీ హైకోర్టు 2025లో ఏమందో కూడా చెప్పండి మరి. పూర్తి నిషేధం మంచిదీ కాదు, అమలయ్యేదీ కాదంది. వీలున్నచోట ఫోన్లు బడిలో అప్పగించి, వెళ్లేటప్పుడు తీసుకోమంది. మా పాప ట్యూషన్ నుంచి ఒక్కతే వస్తుంది, సంచిలో ఫోన్ లేకపోతే నాకు డ్యూటీలో మనసు నిలవదు.

బోరబండ_టీచర్:
మీరందరు మా సర్కారు బడి పిల్లలను మర్చిపోయిండ్రు. మా దగ్గర చాన ఇండ్లల్ల ఒక్కటే ఫోను, అది నాయిన జేబుల ఉంటది. ఆయన ఆటో నడుపుతడు, బుకింగులన్ని దాంట్లనే. ఇంటికొచ్చేటాలకు రాత్రి పదయితది, అప్పటికి పోరడు పండుకుంటడు. గ్రూపుల హోంవర్క్ పెడితే ఎవలు చూస్తరు? కరోనా టైంల 2020 సెప్టెంబర్ 1 నుంచి యాదగిరి ఛానల్ల, టీశాట్‌ల పాఠాలు పెట్టినప్పుడు కొంచెం నయముండె, టీవీ ఇంట్లనే ఉంటది గదా. ఇప్పుడు పుస్తకాలల్ల క్యూఆర్ కోడ్ ఉంటది, స్కాన్ చేస్తె దీక్ష యాప్ల పాఠం వీడియో వస్తది. నా ఫోన్ల పెట్టి నేనే చూపిస్త. గుండె ఎట్ల కొట్టుకుంటదో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినప్పుడు నోరు మెదపనోళ్లు, వీడియో చూసినంక ప్రశ్నల మీద ప్రశ్నలడుగుతరు. మళ్ల పెట్టమంటరు. గందుకే ఫోనే వద్దంటే నేనొప్ప. హోంవర్క్ మాత్రం డైరీలనే రాపిస్త.

నిజాంపేట్_నాన్న:
శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది. బడి విడిచేలోపు డైరీ, గ్రూపులో తల్లిదండ్రులకి మాత్రమే నోటీసులు, ఈ రెండూ అడుగుదామనుకుంటున్నా. టీచర్ గారూ, సాధ్యమేనా?

బోరబండ_టీచర్:
ఎందుకు కాదన్నా? ఆఖరి పీరియడ్ల పది నిమిషాలు ఇస్తె చాలు. కని మీ ప్రైవేట్ల ఆ పది నిమిషాలు ఐఐటీ ఫౌండేషన్‌కు పోతయి. ముందు గది అడుగుండ్రి.