డీఎన్ఎస్ మార్చాను, ఆఫీసు కంప్యూటర్ లోపలికి రానివ్వడం లేదు, సాయం చేయండి

నమస్కారం అండి. నాది భీమవరంలో రొయ్యల కొనుగోలు ఆఫీసులో లెక్కల పని. నిన్న నెట్ మరీ నెమ్మదిగా ఉందని, విండోస్‌లో వైఫై సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆటోమేటిక్‌గా ఉన్న డీఎన్ఎస్ (సైట్ల, సర్వర్ల పేర్లు చెబితే వాటి నెట్ అడ్రసు వెతికిచ్చేది) తీసేసి గూగుల్ వాళ్ల 8.8.8.8 పెట్టాను. నెట్ బాగానే వచ్చింది. సాయంత్రం కరెంటు పోయి కంప్యూటర్ ఆగిపోయింది, మళ్లీ ఆన్ చేస్తే పాస్‌వర్డ్ కొట్టగానే లాగిన్ సర్వర్లు అందుబాటులో లేవని ఇంగ్లీషులో వస్తోంది. స్క్రీన్ కింద మూలన వైఫై గుర్తు మాత్రం నిండుగా కనిపిస్తోంది, అదే నాకు అర్థం కాలేదు.

తర్వాత ఫోన్‌లో చదివితే తెలిసింది, మా లాగిన్లు చూసే హెడ్డాఫీసు సర్వర్ పేరు కంపెనీ డీఎన్ఎస్‌కే తెలుస్తుందట, బయటి డీఎన్ఎస్‌కి తెలియదట. నెట్ లేకపోయినా పాత లాగిన్‌తో తెరుచుకునే సదుపాయం మా వాళ్లు భద్రత కోసం ముందే ఆపేశారు. కనీస సెట్టింగ్స్‌తో విండోస్ తెరిచే సేఫ్ మోడ్‌కి వెళ్దామంటే డిస్క్‌కి వేసిన తాళం తీసే 48 అంకెల బిట్‌లాకర్ కీ అడుగుతోంది, అది ఐటీ వాళ్ల దగ్గరే ఉంటుంది, వాళ్లు సోమవారం దాకా ఫోన్ ఎత్తరు.

నేను మార్చింది వైఫైకి మాత్రమే కదా, మరి రౌటర్ నుంచి లాన్ కేబుల్ గుచ్చి, లాగిన్ స్క్రీన్ మీదే వైఫై ఆపేస్తే కేబుల్‌కి పాత డీఎన్ఎస్ దానంతట అదే వస్తుందా? ఎవరైనా ఇలా చేసి చూశారా? సోమవారం పొద్దున్నే ఆకివీడు, ఉండి ఊళ్ల రైతులకి డబ్బులు వేయాలి, ఆ లెక్కలన్నీ ఇందులోనే ఉన్నాయి, చాలా టెన్షన్‌గా ఉందండి.