ఇల్లు ఇప్పుడే అబ్బాయి పేరున రాసేయాలా, వీలునామాతో సరిపెట్టాలా?

తెనాలి మాస్టారు:
నాకు 69, మా ఆవిడకు 64. 1994లో నా జీతం మీద, బ్యాంకు లోన్‌తో కట్టుకున్న ఇల్లు. పూర్తిగా స్వార్జితం. అబ్బాయి హైదరాబాద్‌లో, అమ్మాయి విశాఖలో. సంక్రాంతికి వచ్చినప్పుడు భోజనాల దగ్గర అబ్బాయి, "నాన్నా, ఇల్లు నా పేరున గిఫ్ట్ చేసేస్తే తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగే పనుండదు కదా" అన్నాడు. వాడు తప్పుగా ఏమీ అనలేదు. కానీ పెరుగు వడ్డిస్తున్న మా ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరమూ ఆ మాట ఎత్తడం లేదు. రాసేయాలా? మమ్మల్ని చూసుకోవాలని షరతు పెడితే వాడు నొచ్చుకుంటాడా?

గోదారి గట్టు:
రాసేయండి మాస్టారూ. మా నాన్న కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే ముగ్గురన్నదమ్ములకీ పంచేశారు. అరుగు మీద కూర్చోబెట్టి, ఎవరికి ఏ ముక్కో చీటీలు వేశారు. ఈ రోజుకీ పండక్కి మాకు ఒకటే పొయ్యి. మా వీధిలోనే ఇంకో పెద్దాయన ఏమీ తేల్చకుండా పోతే, పెద్దకర్మ నాడే అన్నదమ్ములు చొక్కాలు పట్టుకున్నారు. అయినా కన్నకొడుకు దగ్గర షరతు రాయించుకోవడమేంటండీ? అద్దెకొచ్చినవాడితో అగ్రిమెంటా?

కోర్టు ముందు టీ కొట్టు:
గట్టు గారూ, మీ ఇంట్లో కుదిరింది. కుదరనివాళ్ళు మా దగ్గరికి వస్తారు. రోజూ ఇవే ఫైళ్ళు చూస్తున్నాను కాబట్టి చెబుతున్నా.

గిఫ్ట్ డీడ్ రిజిస్టరై, అబ్బాయి పుచ్చుకున్నాక ఇల్లు అబ్బాయిదే. మనసు మారిందని మీరు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్తే లాభం లేదు. వీలునామా అలా కాదు. మీరున్నన్నాళ్ళూ ఇల్లు మీదే. ఎన్నిసార్లయినా తిరగరాయొచ్చు, చివరిదే చెల్లుతుంది. ఇద్దరు సాక్షులు చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, చేయిస్తే ఆ సంతకం నాన్నది కాదనే పేచీ తగ్గుతుంది.

ఇక షరతు సంగతి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో సెక్షన్ 23 ఉంది. బాగోగులు చూడాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చినప్పుడు, తీసుకున్నవాళ్ళు చూడకపోతే, ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్ ఆ దస్తావేజు చెల్లదని ప్రకటించొచ్చు. అసలు షరతే లేకపోతే ఈ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 2022 డిసెంబర్‌లో చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన కేసులో మాత్రం, 2019లో ఒక తల్లి కొడుక్కి రాసిన గిఫ్ట్ డీడ్‌ను రద్దు చేసి ఇల్లు ఆమెకు ఇప్పించింది. "చివరిదాకా చూసుకుంటాను" అని కొడుకు విడిగా రాసిచ్చిన కాగితం ఆమెను గట్టెక్కించింది.

నొచ్చుకుంటాడేమో అని ఆ ఒక్క వాక్యం రాయించనివాళ్ళను చాలామందిని చూశాను.

రెండో కోడలు:
ఇల్లు మా బావగారికి రాశారు. అత్తగారు మా దగ్గర ఉంటారు. పొద్దున్నే ఇన్సులిన్ వేసేది నేను, మందుల బిల్లు కట్టేది మా ఆయన. దాని గురించి నాకు బాధ లేదు. ఆమె మాత్రం మా ఇంట్లో రెండో కప్పు కాఫీ అడగడానికి మొహమాటపడుతుంది. ఇల్లు తన పేరున ఉన్నన్నాళ్ళూ అదే మనిషి కాఫీలో చక్కెర తక్కువైందని నా మీద అరిచేది. ఆ అరుపులే నయమనిపిస్తుంది ఇప్పుడు.

గోదారి గట్టు:
ఒప్పుకుంటానమ్మా. కానీ మీ బావగారిది బుద్ధి లోపం, దస్తావేజు లోపం కాదు. సెక్షన్లు చూపించి అన్నం పెట్టించుకుంటే ఆ ముద్ద గొంతు దిగుతుందా?

కోర్టు ముందు టీ కొట్టు:
దిగదు. కానీ తినడానికి సొంత ఇల్లయినా మిగులుతుంది.

డాలస్ తమ్ముడు:
మాస్టారూ, ఇంత రాశారు గానీ మీ పోస్టులో అమ్మాయి గురించి ఉన్నది ఒక్క మాట, "విశాఖలో" అని. ఆవిడను అడిగారా? వీలునామా లేకుండా మీరు పోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ ఆవిడకు, అబ్బాయికి, అమ్మాయికి సమాన వాటాలు. మీ అమ్మగారు ఉంటే ఆవిడకు కూడా. చట్టం లెక్కపెట్టిన మనిషిని మీరు లెక్కపెట్టలేదు.

తెనాలి మాస్టారు:
అమ్మ పోయి పదేళ్ళయింది. అమ్మాయి విషయంలో మీరన్నది తగిలింది. రాత్రి ఫోన్ చేశాను. "నాకేమీ వద్దు నాన్నా, అడిగి ఉంటే బాగుండేది" అని పెట్టేసింది.

తర్వాత మీరందరూ రాసినవి మా ఆవిడకు చదివి వినిపించాను. అంతా విని, "స్లాబ్ వేసేటప్పుడు తాకట్టు పెట్టింది నా గాజులు. నువ్వు ఊళ్ళో వాళ్ళందరినీ అడుగుతున్నావు" అంది. గిఫ్ట్ ఆపేశాను. తెల్ల కాగితం మీద వీలునామా చిత్తు రాస్తున్నాం, తను చెబుతోంది, నేను రాస్తున్నాను. అబ్బాయికి ఇంకా చెప్పలేదు. ఆదివారం ఫోన్ చేస్తాడు.